కుదువ పెట్టిన నేల

పర్ణశాల పేరు వినగానే తెలుగువారికి స్ఫురించునది సీతాపహరణ గాథ. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలములో, గోదావరి ఎడమగట్టున ఈ చిన్న గ్రామమున్నది. శ్రీరామనవమికి కల్యాణము చూడవచ్చిన యాత్రికులు పనిలోపనిగా ఇచటికిని వచ్చి, సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని చెప్పెడి రాతిచారలను వాగు ఒడ్డున చూచి, కుటీరమునకు నమస్కరించి, ప్రొద్దు వాలులోగా మరలిపోవుదురు. వారి కంటబడనిది మరియొకటి కలదు. గుడి చుట్టునున్న పొలములు ఎవరి పేర నున్నవి, ఎవరు దున్నుచున్నారు, పంట ఎవరి గాదెకు చేరుచున్నది అను ప్రశ్న ఈ ప్రాంతమును నూట ఏబది సంవత్సరములుగా విడువలేదు. ఆ ప్రశ్న అప్పులో పుట్టి తాకట్టులో పెరిగినది.

ఆ మాటకు వచ్చిన, భద్రాద్రి కథలోనే ఒక బాకీ ఉన్నది. పాల్వంచ తహశీలుదారైన కంచెర్ల గోపన్న సర్కారు సొమ్మును రామాలయమునకు వెచ్చించెనని గోలకొండ చెరసాలలో పెట్టిరి. రామలక్ష్మణులు స్వయముగా వచ్చి తానీషాకు ఆరులక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని జనుల విశ్వాసము. పాఠము చెప్పునపుడు భక్తి అంతయు మొహరీల దగ్గరనే ఆగిపోవును గాని, ఆ కథ కల్పించిన జనులు రసీదును మరువలేదు. సొమ్ము చెల్లించుట యొక ఎత్తు, చెల్లినట్లు కాగితము చేతికి వచ్చుట యొక ఎత్తు అని వారికి అనుభవపూర్వకముగా తెలిసియుండవలెను.

అప్పు తీరని యెడల కుదువ సొత్తు ఏ మెట్ల మీదుగా చేయి మారును, ఆ మెట్లకు ఎంత ఖర్చు, ఆ ఖర్చు ఎవరిది? ఊళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. నోటీసు వచ్చిన దినమున దానిని చదివి చెప్పుమని బడిపంతులు దగ్గరకే తెత్తురు. కావున ఉపాధ్యాయులును, రేపటి గృహస్థులైన విద్యార్థులును దీనిని కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

తనఖాలకు ఆధారమైన శాసనము 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. భూమిని తన చేతిలోనే ఉంచుకొని దానిని పూచీగా మాత్రము వ్రాసియిచ్చునది సాదా తనఖా. పొలమును ఋణదాతకు అప్పగించి, పంటను వడ్డీక్రిందనో అసలుక్రిందనో అనుభవింపనిచ్చునది భోగ్యతనఖా. గడువునాటికి తీర్చనిచో అమ్మకము ఖాయమగునని వ్రాసికొను షరతు విక్రయము మరియొకటి. నేడు పట్టణములలో ఎక్కువగా నడచునది దస్తావేజులను బ్యాంకులో ఉంచి పుట్టించు అప్పు. ఏ రకమైనను ఒక్క విషయము సమానము. తనఖా పెట్టినంతమాత్రమున యజమాని యజమానిగానే ఉండును. బాకీ తీర్చి సొత్తును విడిపించుకొను హక్కును ఆ చట్టపు 60వ విభాగము అతనికి కట్టబెట్టినది. ఆ హక్కును పోగొట్టుకొందునని ముందుగానే అతనిచేత వ్రాయించుకొన్నను ఆ వ్రాత చెల్లదు. భోగ్యతనఖా విషయమున 2014లో సుప్రీంకోర్టు మరియొక మెట్టు ముందుకు పోయి, ముప్పది ఏండ్లు గడచినవి కనుక విడిపించుకొను హక్కు పోయినదన్న వాదమును త్రోసివేసినది. తాతనాటి భోగ్యమునైనను బాకీ లెక్క తేల్చి మనుమడు విడిపించుకొనవచ్చును.

పూర్వపు మార్గము సివిలు కోర్టు. ఋణదాత 12 సంవత్సరములలోపున దావా వేయవలెను. వసూలు చేయదలచిన మొత్తమును బట్టి కోర్టు రుసుము, తాఖీదులు అందించుటకు రుసుము, వకీలు ఫీజు, వేలము ప్రకటనకు ఖర్చు, ఇవన్నియు మొదట ఋణదాత చేతినుండియే వెడలును. దావా గెలిచినచో అవి ఋణగ్రస్తుని లెక్కలో చేరును. కోర్టు తొలుత ప్రాథమిక డిక్రీ యిచ్చి, బాకీ చెల్లించుటకు ఆరు నెలల వరకు గడువిచ్చును. గడువు దాటినచో తుది డిక్రీ, ఆ పిమ్మట వేలము. అయినను తలుపు పూర్తిగా మూసికొనదు. వేలమును కోర్టు ఖాయపరచులోగా బాకీతోపాటు, కొన్నవాని సొమ్ములో నూటికి అయిదు వంతున పరిహారము చెల్లించిన, సొత్తు తిరిగి యజమానిదే. ఈ మార్గములో ఏండ్లు గడచునని బ్యాంకుల మొర. ఆ మొరలో నిజము లేకపోలేదు.

అందుచేత 2002లో పార్లమెంటు వేరొక చట్టము చేసినది. సర్ఫేసి అని దాని వాడుక పేరు. కోర్టుకు పోకుండనే బ్యాంకు తనఖా సొత్తును స్వాధీనము చేసికొనుటకు ఇది దారి తీసినది. వాయిదా 90 దినములు దాటి నిలిచిపోయిన అప్పును నిరర్థకమైనదిగా బ్యాంకు లెక్క కట్టును. పిమ్మట 13వ విభాగము క్రింద 60 దినముల గడువుతో నోటీసు పంపవలెను. బాకీ ఎంత, ఏ సొత్తు పూచీ అనునవి అందులో స్పష్టముగా ఉండవలెను. ఋణగ్రస్తుడు తన అభ్యంతరములను వ్రాసి పంపినచో బ్యాంకు 15 దినములలో కారణసహితముగా జవాబీయవలెను. ఈ జవాబు కోరు హక్కును వినియోగించుకొనువారు అరుదు. నోటీసును దూలమునకు చెక్కి మరచిపోవువారే ఎక్కువ.

అరువది దినములు గడచిన తరువాత బ్యాంకు ఇంటి తలుపునకు స్వాధీన ప్రకటన అంటించును. ఏడు దినములలో దానిని రెండు పత్రికలలో అచ్చువేయించవలెను. వానిలో ఒకటి స్థానిక భాషా పత్రిక కావలెనని నియమము. ఇంటిలోనివారు కదలనిచో జిల్లా మేజిస్ట్రేటు సహాయము కోరవచ్చును. ఆయన సాధారణముగా 30 దినములలో ఉత్తరువు ఈయవలెను. కారణములు వ్రాసి ఆ గడువును 60 దినములవరకు పొడిగించుకొనవచ్చును. ఆ పిమ్మట విలువ కట్టించి, 30 దినముల ముందుగా వేలము నోటీసు ఈయవలెను. పాడినవాడు నాలుగవవంతు సొమ్ము ఆ దినమో మరునాటి పనిదినమో కట్టి, తక్కినది అమ్మకము ఖాయమైన 15 దినములలో చెల్లించును.

ఈ మెట్లకు ఖర్చు ఎట్లు పడునో ఒక లెక్క చూడవచ్చును. ఖమ్మము పట్టణములో ఇల్లు కుదువ పెట్టిన గృహస్థు డొకడు వడ్డీతో సహా 8 లక్షలు బాకీ పడెను అనుకొనవచ్చును. పత్రికా ప్రకటనలు, విలువ కట్టినవాని రుసుము, వకీలు ఖర్చు, కాపలా అన్నియు కలిసి 60 వేలు అయినవి. వేలములో ఇల్లు 11 లక్షలకు పోయినది. ఆ సొమ్ములోనుండి మొదట తీసికొనునది ఖర్చు 60 వేలు, తరువాత బాకీ 8 లక్షలు. మిగిలిన 2 లక్షల 40 వేలు గృహస్థునివే. అవి బ్యాంకువి కావు. బ్యాంకు తన స్వాధీన ప్రయత్నమునకు చేసిన ఉచితమైన ఖర్చు ఋణగ్రస్తుని నెత్తిన పడుట ఎంత నిజమో, మిగులు అతనికి చేరవలెననుటయు అంతే నిజము. మొదటిది అందరికిని తెలియును. రెండవది అడిగినవానికే తెలియును. అయితే వేలము సొమ్ము చాలనిచో తక్కిన బాకీకై బ్యాంకు మరల దావా వేయవచ్చును. ఇల్లు పోయినది గనుక ఋణము తీరినదని సంతోషింప వీలులేదు.

బ్యాంకు తప్పు దారిని పోయినదని తోచినచో స్వాధీనపు చర్య జరిగిన 45 దినములలో ఋణ వసూలు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టవచ్చును. పది లక్షలకు తక్కువ బాకీకి లక్షకు 500 రూపాయల చొప్పున రుసుము. పై గృహస్థునకు 4,000 రూపాయలు. ఇది మోయలేని భారము కాదు. కాని అక్కడ ఓడి పైమెట్టుకు అప్పీలు పోవలెనన్న, బాకీలో సగము ముందుగా జమకట్టవలెను. దయదలచినను నాలుగవవంతుకు తగ్గించుటకు వీలులేదు. వాయిదా కట్టలేక ఇల్లు పోగొట్టుకొనుచున్నవాడు 2 లక్షలు ఎక్కడినుండి తెచ్చును? చట్టము చేసినవారు ఈ సంగతి ఆలోచింపలేదని అనుటకంటె, ఆలోచించియే చేసిరనుట సమంజసము. ట్రిబ్యునలు ఉన్నది హైదరాబాదులో. మన్యపు అంచునుండి మూడువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. బస్సు ఖర్చు, బసకు ఖర్చు, పోయిన కూలి దినములు ఏ రుసుము పట్టికలోను కానరావు.

మరియొక భేదము గమనింపదగినది. సివిలు కోర్టులో వేలము ఖాయమగు వరకు విడిపించుకొను అవకాశముండెను గదా. 2016లో సవరించిన పిదప ఈ చట్టము క్రింద వేలము ప్రకటన అచ్చయిన క్షణముననే ఆ అవకాశము ముగియునని 2023లో సుప్రీంకోర్టు తేల్చినది. నెమ్మదిగా నడచు కోర్టు తలుపును ఆలస్యముగా మూయును. వేగముగా నడచునది తొందరగా మూయును. కావున సొమ్ము ఎక్కడనైనను పుట్టునదైతే, అది ప్రకటన వెలువడక మునుపే పుట్టవలెను.

ఇంతవరకు చెప్పినది మైదానపు సంగతి. పర్ణశాలకు వచ్చుసరికి ఈ మెట్లు దాదాపు తలక్రిందులగును. ఒకటి, వ్యవసాయభూమిపై పూచీకి 2002 చట్టము ఎక్కడను వర్తింపదు. లక్ష రూపాయలకు లోబడిన పూచీకిని వర్తింపదు. రెండవది, ఇది షెడ్యూల్డు ప్రాంతము. ఇచటి భూమి బదిలీకి వేరు శాసనమున్నది. ఆ శాసనము ఏల పుట్టెనో తెలియుటకు 1879వ సంవత్సరమునకు పోవలెను.

భద్రాచలము తాలూకా 1860 వరకు నిజాము ఏలుబడిలో నుండి, తరువాత ఆంగ్లేయుల మధ్యపరగణాలలో చేరి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు వచ్చినది. ఆ కాలమున మైదానపు వర్తకులు కొండలలోనికి వచ్చి సరకులు అప్పిచ్చుట, గడువునాటికి ముట్టనిచో దిగువ కోర్టులలో దావాలు వేయుట ఆరంభించిరి. కోర్టు ఎక్కడో దూరాన ఉండును. తాఖీదు భాష కొండవానికి తెలియదు. వాయిదాకు అతడు పోడు, పోలేడు. ఏకపక్ష డిక్రీ వచ్చును, అమీనా వచ్చును, పశువులు పోవును. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల సొత్తును తోలుకొనిపోయిన ఉదంతము గోదావరి జిల్లా గెజెటీరులో కెక్కినది. 1879లో రంపలో చెలరేగిన తిరుగుబాటుకు ముఠాదారుల బాధలు, కల్లు పన్ను మొదలైన ఇతర కారణములును ఉన్నవి గాని, ఈ జప్తుల కసి వానిలో చిన్నది కాదు. ఆ యేడే జులైలో ఆ మంట భద్రాచలము తాలూకాలోని రేకపల్లికి ప్రాకినది. చట్టప్రకారము వేసిన ప్రతి మెట్టును సక్రమముగనే ఉండి, మొత్తము మీద అన్యాయమెట్లు జరుగునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ముప్పది ఎనిమిది ఏండ్లకు, 1917లో, మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూమి బదిలీ చట్టమును తెచ్చినది. కొండజాతివాని భూమి ఇతరుల కీయవలెనన్న ఏజెంటు అనుమతి ఉండవలెను. అతని బాకీపై వడ్డీ ఏటికి నూటికి 24కు మించరాదు. చక్రవడ్డీ లేదు. వడ్డీ మొత్తము అసలును మించరాదు. నూరు రూపాయల అప్పునకు వడ్డీ నాలుగు సంవత్సరముల రెండు నెలలలో నూరు అగును. ఆపైన గడియారము ఆగిపోవును. నలుబది ఏండ్లయినను ఇన్నూరుకు మించి కోర్టు ఇప్పింపదు. లెక్కల తరగతిలో ఈ ఉదాహరణము చెప్పిన పిల్లలు సులువుగా గ్రహింతురు. ధర్మశాస్త్రములలోని దామదుపట్టు నియమమునకు ఇది బంధువు.

స్వాతంత్ర్యానంతరము 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూమి బదిలీ రెగ్యులేషను వచ్చినది. అదే సంవత్సరము భద్రాచలము తాలూకా తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాకు మారినది. చిత్రమేమనగా, ఈ రెగ్యులేషను మొదట ఆంధ్రప్రాంతపు ఏజెన్సీకే వర్తించెను. నదికి ఆవలనున్న పాత హైదరాబాదు రాష్ట్రపు మన్యమునకు 1963 డిసెంబరులో గాని దానిని విస్తరింపలేదు. అంతవరకు పర్ణశాల రేవులో పడవ యెక్కి ఆవలి గట్టున దిగినవాడు వేరొక భూమిచట్టములో దిగినట్లే.

అసలైన మార్పు 1970 ఫిబ్రవరిలో వచ్చినది. ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనుడైనను, గిరిజనేతరుడైనను సరే, గిరిజనునికో, కేవలము గిరిజనులతో కూడిన సహకార సంఘమునకో తప్ప బదిలీ చేసినచో అది మొదటినుండియు చెల్లదని శాసించిరి. బదిలీ అనగా అమ్మకము మాత్రమే కాదు. తనఖా, కౌలు, దానము, మారకము అన్నియు అందులోనివే. గిరిజనేతరుని స్వాధీనములో భూమి కనబడినచో, అది గిరిజనుని నుండి వచ్చినదేయని ముందుగా భావింతురు. కాదని రుజువు చేయు భారము అతనిది. సాధారణ న్యాయమున అడిగినవాడు రుజువు చూపవలెను. ఇక్కడ అనుభవించువాడు చూపవలెను. కాగితము లేనివానికి కాగితమున్నవానితో తగవు వచ్చినపుడు ఇంతకంటె మేలైన ఉపాయము లేదు. దీనిని ప్రతిఘటించినవారు సుప్రీంకోర్టుదాక పోయిరి. 1988లో ఆ కోర్టు రెగ్యులేషనును సమర్థించినది. 1978 సవరణతో ఉల్లంఘనకు ఏడాది వరకు జైలో, రెండువేల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని చేర్చిరి. డబ్బు బాకీకై పొందిన డిక్రీ క్రింద గిరిజనుని ఏజెన్సీ భూమిని, నియమములు ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప, జప్తు చేసి అమ్మరాదు. అనగా 1879 నాటి అమీనాకు దారి మూసిరి.

అయితే దారి మూసిన కొలది అప్పును మూసినట్లే గదా. విత్తనమునకు, ఎరువునకు, ఎద్దునకు సొమ్ము కావలెను. పూచీ లేనిదే బ్యాంకు ఈయదు. 1971లో ఈ చిక్కునకు ఒక విడుపు కల్పించిరి. సహకార సంఘములకు, భూమి తనఖా బ్యాంకులకు, ప్రభుత్వము ఆమోదించిన ఇతర బ్యాంకులకు స్వాధీనము ఈయకుండ భూమిని తనఖా పెట్టవచ్చును. బాకీ తీరనిచో బ్యాంకు దానిని అమ్మవచ్చును గాని, గిరిజనునికో గిరిజన సంఘమునకో మాత్రమే అమ్మవలెను. న్యాయమైన మాటయే. కాని వేలములో పాడువారు ఎందరు? పక్క గూడెములోని రైతుకు పాడుటకు సొమ్మెక్కడిది? కొనువాడు లేని పూచీపై బ్యాంకు ఉదారముగా అప్పీయదు. నేల నిలిచినది, నేలకు విలువ కట్టువాడు తగ్గెను. ఈ రక్షణకు కోయరైతు చెల్లించుచున్న ధర ఇది. ఆ ధర చెల్లింపదగినదే అయినను, ధర లేదని చెప్పుట సత్యము కాదు.

ఆ ఖాళీలోనే పాత వర్తకుడు క్రొత్త వేషమున ప్రవేశించును. అతడు దస్తావేజు వ్రాయింపడు, తనఖా అనడు. మిరపకో ప్రత్తికో పెట్టుబడి పెట్టును. ఆ ఏటి పంట చాలకపోయిన, వచ్చు ఏటికి పొలము తానే దున్నుకొందునని నోటిమాటగా చెప్పును. రికార్డులో పేరు కోయవానిది, చెమట కోయవానిది, పంట షాహుకారుది. బ్యాంకు వేలము వేయవలెనన్న అరువది దినముల నోటీసు, పత్రికలలో ప్రకటన, మేజిస్ట్రేటు ఉత్తరువు ఉండవలెను. ఇక్కడ ఏ మెట్టును లేదు, ఏ ఖర్చును లేదు. ఒక తొలకరికి నాగలి మారును. స్వాధీనము ఇంత చౌకగా జరుగు మార్గము ఏ చట్టములోను లేదు. సొంత భూమిలో పాలేరుతనము చేయువానికి తాను తాకట్టు పెట్టితినన్న సంగతియే స్పష్టముగా తెలియదు.

ఇటువంటి మారుబేరము నుండి కొంత తప్పించుకొనుటకు నేడు రెండు ఆధారములు కలవు. పంట అప్పులకు భూమిపూచీ అడుగవలసిన అవసరము లేని మొత్తమును రిజర్వుబ్యాంకు 2019లో లక్షా అరువదివేలకు, 2025 జనవరి 1 నుండి రెండు లక్షలకు పెంచినది. చిన్నరైతు పెట్టుబడికి ఇది చాలినంతయే. ఇక పోడుభూములకు 2006 అటవీహక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టాలు వారసులకు సంక్రమించును గాని అమ్ముటకో, మరియొకరికి బదిలీ చేయుటకో పనికిరావు. 2023లో తెలంగాణలో పెద్దయెత్తున పంచిన పోడుపట్టాలు ఈ తెగకు చెందినవే. ఆ కాగితమును కుదువ పెట్టుకొని ఎవరైన సొమ్మిచ్చిరన్న, ఆ కాగితము వారికి నేలమీద హక్కు నీయదు. అది తిరిగి తెచ్చుకొనదగినదే.

ఇక పోయిన భూమి సంగతి. రెగ్యులేషను క్రింద ఏజెంటో, అతని క్రింది అధికారియో విచారణ జరిపి, అక్రమముగా అనుభవించువానిని ఖాళీ చేయించి, భూమిని బదిలీ చేసినవానికో, అతని వారసులకో తిరిగి ఇప్పించును. ఈ పనికై గిరిజన సంక్షేమమునకు ప్రత్యేక ఉపకలెక్టరును నియమించుట వాడుక. అనుభవించువానికి ముందు నోటీసు ఇచ్చి అతని వాదము వినవలెను. తీర్పు నచ్చనివారికి పై అధికారికి అప్పీలు, ఆపైన ప్రభుత్వమునకు పునర్విచారణ అర్జీ కలవు. భూమి ఇచ్చినవాడు తిరిగి పుచ్చుకొనుటకు ఇష్టపడనిచో, లేక అతని జాడ తెలియనిచో, దానిని వేరొక గిరిజనునికో సంఘమునకో ఈయవచ్చును.

విచారణ మొదలగుటకు పొలము పోయినవాడే అర్జీ పట్టుకొని రావలెనన్న నియమము లేదు. షాహుకారుకు వెరచియో, వచ్చు ఏటి పెట్టుబడికి మరల అతని గడపయే తొక్కవలెనన్న దిగులుతోనో అతడు రాకపోవచ్చునని శాసనకర్తలు ముందే ఊహించిరి. అధికారి తనంత తానుగా విచారణ చేపట్టవచ్చును. సంబంధమున్నవారెవరైనను అర్జీ ఈయవచ్చును. ప్రభుత్వోద్యోగి యొకడు వ్రాతమూలకముగా సమాచారమిచ్చినను చాలునని మూడవ విభాగము స్పష్టముగా చెప్పుచున్నది. మన్యపు గూడెములలో రెవెన్యూ ఉద్యోగి కానరాని దినములుండును, అటవీ గార్డు రాని దినములుండును. ప్రతి ఉదయమును గంట కొట్టి తలుపు తీయు ప్రభుత్వోద్యోగి మాత్రము ఒకడున్నాడు. తన తరగతిలోని పిల్లవాని తండ్రి ఎవరి పొలములో కూలికి పోవుచున్నాడో, ఆ పొలము ఎవరి పేర నున్నదో అతనికి తెలియును. వ్రాయవలసినది ఒక పుటకు మించదు. సర్వే నంబరు, పట్టాదారు పేరు, దున్నుచున్నవాని పేరు, ఏ సంవత్సరము నుండి.